పక్కవాద్యం కోసం ఒక పల్లవి

ఈ రోజు పల్లవి కుదిరింది.

ముందు నడువర నేడు నీవే
వెనుక వచ్చెద నేను పాటై

నా వయొలిన్ మిత్రుడు పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకం నాటి సాయంత్రం ఇంట్లోనే చిన్న కచేరీ పెట్టుకుందామని వాళ్ళ అమ్మాయి అడిగినప్పటి నుంచి ఈ పాట నా వెంట తిరుగుతోంది. నాదయోగి, సరస్వతీ పుత్రుడు లాంటి మాటలు రాయకూడదని ముందే అనుకున్నాను. అవి ఏ విద్వాంసుడి సంతాప సభలోనైనా ఒదిగిపోతాయి. నాకు కావలసింది వాడొక్కడికే సరిపోయే పాట.

జీవితమంతా వాడు గాయకుల పక్కన కూర్చుని పక్కవాద్యమే వాయించాడు. మేమిద్దరం కలిసింది విజయనగరం సంగీత కళాశాలలో. నాది గాత్రం, వాడిది వయొలిన్. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. వారి తరువాత 1936లో ఆ బాధ్యత తీసుకున్న ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ను ఒంటరి కచేరీలతో వేదిక మధ్యకు తెచ్చినవారు. అలాంటి చోట చదివినవాడికి తానూ మధ్యలో కూర్చోవాలని ఉండదా? అడిగితే, "పాడేవాడి ఊపిరి వింటూ వాయించడంలో ఉన్న సుఖం నీకు తెలియదురా" అనేవాడు.

నిజంగానే ఊపిరి వినేవాడు. గాయకుడు ఆలాపన ముగించి తన వంతు ఇస్తే, క్లుప్తంగా వాయించి రాగం రంగు చెడకుండా తిరిగి అప్పగించేవాడు. శ్రీరామనవమి పందిళ్ళలో ఎవరైనా సాహిత్యం మరిచి తడబడితే, తరువాతి పాదం ఎత్తుగడను మెల్లగా తీగ మీద పలికించి అందించేవాడు. వినేవాళ్ళకు ఆ సంగతే తెలిసేది కాదు. గాయకుడికి చప్పట్లు వస్తుంటే, వాడు తల వంచుకుని తీగల కింద రాలిన కమానుకు రాసే రోజిన్ తెల్లటి పొడిని రుమాలుతో తుడుచుకుంటూ ఉండేవాడు. ఎడమచేతి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు. ఆ వేళ్ళ చివర తీగలు కోసిన గీతలు నల్లగా నిలిచిపోయాయి. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆ చేయి పట్టుకున్నప్పుడు నా వేలికి తగిలినవి ఆ గీతలే.

ఇన్నేళ్ళూ నా గొంతు వెనుక వాడు నడిచాడు. ఈ ఒక్క పాటలోనైనా వయొలిన్ ముందు నడవాలి, గాత్రం దాన్ని అనుసరించాలి. ఈ సంగతి తోచాక మిగతాది దానంతట అదే వచ్చింది. ఉదయం కూరగాయల సంచితో మూడు లాంతర్ల కూడలి మీదుగా వస్తూ, ఖాళీగా ఉన్న చేత్తో మిశ్రచాపు తాళం వేసుకుంటున్నాను. తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గరికి వచ్చేసరికి మొదటి పాదం ఏడేసి మాత్రల్లో కూర్చుంది. అయ్యకోనేరు చెరువు గట్టు ఎక్కేలోపు రెండోది. కాగితం లేక, ఇంటికి చేరేదాకా పైకే పాడుకుంటూ నడిచాను.

రాగం మోహన. ఇలాంటి పాటకు దుఃఖం పలికే ముఖారి అయితే బాగుంటుందని మా ఆవిడ అంది. నాకు మనసొప్పలేదు. వయొలిన్ నాలుగు తీగలూ షడ్జమ పంచమాలకే, అంటే స, ప స్వరాలకే కదా శ్రుతి చేస్తాం. మోహనలో ఆ రెండూ మాటిమాటికీ వస్తాయి, వేలు ఆనించని వట్టి తీగ నిండుగా మోగుతుంది. సాయంత్రాలు వాడు అరుగు మీద కూర్చుని తన కోసం వాయించుకున్నదీ ఆ రాగమే. వాడి పాటలో ఏడుపు ఉండకూడదు.

మధ్యాహ్నం వాళ్ళ అమ్మాయికి ఫోను చేసి, పల్లవి ముందు నువ్వు వాయించాలి, తరువాతే నేను అందుకుంటాను అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నాన్న దగ్గర నేర్చుకున్నాను గానీ, ముందు ఎత్తుకోవడం నాకు అలవాటు లేదు బాబాయ్" అంది. నీకు నేర్పినవాడికీ లేదమ్మా, అందుకే ఈ పాట అన్నాను. వాడి వయొలిన్‌కు కొత్త తీగలు వేయించి రేపు సాయంత్రం తీసుకువస్తానంది.

చరణంలో రెండో పాదం ఇంకా తేలలేదు. వేళ్ళ మీది ఆ గీతలు అందులో రావాలి. మాట దొరికింది కానీ ఒక మాత్ర ఎక్కువవుతోంది. భోజనం అయ్యాక మళ్ళీ కూర్చుంటాను.