ఏసీఎల్‌లో ఒక పేరు చేర్చడం: అసలు తిప్పలు మాస్క్‌తోనే

అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకున్నవాళ్లని నిద్రలేపి అడిగినా సీహెచ్‌మోడ్ 750 అంటే ఏంటో చెప్తారు. కానీ మాదాపూర్ ఆఫీసులో అకౌంట్స్ ఫోల్డర్‌ని, ఆ గ్రూపులో లేని ఒక్క ఆడిటర్‌కి చూపించాలంటే ఓనర్, గ్రూప్, మిగతావాళ్లు అనే మూడు వర్గాలకే అనుమతులు చెప్పే ఆ మూడంకెలు చాలవు. ఏసీఎల్ కావాలి, అంటే యాక్సెస్ కంట్రోల్ లిస్ట్, ఎవరికి ఏ అనుమతో పేరుపేరునా రాసే జాబితా. చేత్తో చేయడానికి సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్ ఉంది, సీ ప్రోగ్రాం నుంచైతే లిబ్‌ఏసీఎల్ లైబ్రరీ. (ప్రోగ్రాంలోంచి షెల్ కమాండ్ నడిపించడం నాకు నచ్చదు. ఫైలు పేరులో ఒక్క కొటేషన్ మార్కు ఉంటే చాలు, కథ అడ్డం తిరుగుతుంది.)

ఏసీఎల్_గెట్_ఫైల్‌తో ఉన్న జాబితా తెచ్చుకుని మొదలుపెట్టండి. ఏసీఎల్_ఇనిట్‌తో ఖాళీగా మొదలుపెడితే ఓనర్, గ్రూప్, అదర్ ఎంట్రీలు మూడూ మీరే రాయాలి. మీరు చేర్చబోయే మనిషి యూఐడీకి (యూజర్ నంబరుకి) ఎంట్రీ ముందే ఉందేమో వెతకండి. ఒకే యూఐడీ రెండుసార్లుంటే ఆ ఏసీఎల్ చెల్లదు. లేకపోతేనే ఏసీఎల్_క్రియేట్_ఎంట్రీ. దీనికి జాబితా అడ్రస్ ఇవ్వాలి, ఎందుకంటే చోటు చాలనప్పుడు అది జాబితానే వేరేచోటికి మార్చేయొచ్చు. ఎంట్రీ ఏ రకమో చెప్పే ట్యాగ్ ఏసీఎల్_యూజర్. ఎంట్రీ ఎవరిదో చెప్పే క్వాలిఫయర్‌గా ఇచ్చేది యూఐడీ ఉన్న వేరియబుల్ పాయింటర్, అంకె కాదు. పర్మ్‌సెట్‌ని (ఎంట్రీలోని అనుమతుల్ని) ఖాళీ చేసి రీడ్ కలపండి. ఫోల్డర్ కాబట్టి ఎగ్జిక్యూట్ కూడా, లేకపోతే లోపలికే వెళ్లలేరు. పై ఫోల్డర్లన్నిట్లోనూ ఆ మనిషికి ఎగ్జిక్యూట్ ఉండాలి.

ఇక మాస్క్. ఓనర్, అదర్ తప్ప మిగతా ఎంట్రీలకి ఇంతకు మించి అనుమతి దక్కదని చెప్పే హద్దు ఇది. పేరున్న ఎంట్రీ ఒక్కటి చేరినా మాస్క్ ఎంట్రీ తప్పనిసరి. అది లేకుండా, జాబితాని ఫోల్డర్‌మీద రాసే ఏసీఎల్_సెట్_ఫైల్ పిలిస్తే ఈఇన్‌వాల్ ఎర్రర్ వస్తుంది. అందుకే అందరూ కళ్లు మూసుకుని, మాస్క్‌ని లెక్కగట్టే ఏసీఎల్_కాల్క్_మాస్క్ పెట్టేస్తారు. మాస్క్ లేని చోట అది సరైన పనే. ఉన్న చోట ప్రమాదం.

ఏసీఎల్ ఉన్న ఫోల్డర్‌మీద ఎవరైనా సీహెచ్‌మోడ్ 700 కొడితే నడిమి అంకె మార్చేది గ్రూప్ ఎంట్రీని కాదు, మాస్క్‌ని. ఏసీఎల్ చూపించే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌లో ఆడిటర్ ఎదురుగా ఆర్, ఎక్స్ (రీడ్, ఎగ్జిక్యూట్) అలాగే కనిపిస్తాయి, పక్కన ఎఫెక్టివ్ దగ్గర మాత్రం మూడు గీతలు, అంటే నిజానికి ఏ అనుమతీ లేదు. ఇప్పుడు మీ ప్రోగ్రాం వచ్చి ఇంకొకరిని చేర్చి మాస్క్ లెక్కగట్టిందనుకోండి, పాత ఎంట్రీలన్నీ కలిపే లెక్కేస్తుంది. మూసిన తలుపు గ్రూపుకీ, ఆడిటర్‌కీ, జాబితాలో పేరున్న మిగతావాళ్లకీ తెరుచుకుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. కాబట్టి మాస్క్ ముందే ఉంటే, కొత్త అనుమతి అందులో ఇముడుతుందో లేదో చూడండి. ఇమడకపోతే మాస్క్ ముట్టుకోకుండా ఆగి, ఫోల్డర్ ఓనర్‌ని అడగండి.

రేపు అందులో పుట్టే ఫైళ్లకూ ఇదే వర్తించాలంటే ఏసీఎల్_టైప్_డీఫాల్ట్‌తో ఇంకోసారి రాయాలి. ఇది ఫోల్డర్లకే, మామూలు ఫైలుమీద రాస్తే ఈయాక్సెస్ ఎర్రర్ వస్తుంది. పాత ఫైళ్లకి డీఫాల్ట్ అంటదు, వాటికి విడిగా లూప్ నడపాల్సిందే.