జపాన్ టీ క్లాసులో చేరాక

టోక్యోలో మన ఇండియా వాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఉంటాం. ఊరి నుంచి చుట్టాలొస్తే అసకుసా తీసుకెళ్ళి, గంటలో ముగిసే టీ కార్యక్రమం చూపించి, కిమోనోలో ఫోటోలు తీయించి పంపడం ఇక్కడ ఆనవాయితీ. ఉండేవాళ్ళకి అంతకంటే మంచి దారి ఒకటుంది. వార్డు కమ్యూనిటీ హాల్ నోటీసు బోర్డులో సాదో, అంటే జపాన్ పద్ధతిలో టీ చేసి ఇచ్చే కళ, నేర్పే బృందాల కాగితాలు అంటించి ఉంటాయి. ఫోన్ చేస్తే ముందు ఒకసారి వచ్చి చూడమంటారు. నేను చేరింది ఉరాసెన్కే పద్ధతి నేర్పే చోట. 16వ శతాబ్దపు టీ గురువు సెన్ నో రిక్యూ వంశం నుంచి వచ్చిన మూడు శాఖల్లో అదొకటి.

తెల్ల సాక్సులు తెచ్చుకోవాలి, సెంటు పూసుకోకూడదు, వాచీ, ఉంగరాలు, గాజులు తీసేయాలి. పాత్రల మీద గీత పడితే అంతే. మంగళవారం సాయంత్రాలు చేతులు బోసిగా ఉంటాయని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. మెట్టెలు సాక్సుల్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి.

వచ్చీరాగానే టీ కలపనివ్వరు. ముందు అతిథిగా కూర్చోవడం నేర్పుతారు. తాతామి చాప అంచు తొక్కకూడదు. స్వీటు ముందే తినేయాలి. అజుకి గింజల ముద్దతో చేసే ఆ స్వీట్లు అచ్చం బూరెలోని పూర్ణమే, కాకపోతే తీపి కాస్త తక్కువ. గిన్నె ముందుకొచ్చాక పక్కవాళ్ళకి "ఒసాకి ని" (మీకంటే ముందు తాగుతున్నాను) అని, కలిపినావిడకి వంగి నమస్కారం పెట్టి, గిన్నెను కుడివైపుకి రెండుసార్లు తిప్పాలి. దాని అందమైన ముఖం మీద పెదవి పెట్టకూడదట. ఆఖరి గుక్క మాత్రం చప్పుడయ్యేలా పీల్చాలి. చిన్నప్పుడు నాన్న చేత తిట్లు తినిపించిన ఆ చప్పుడు ఇక్కడ మర్యాద!

అసలు కష్టం మోకాళ్ళది. మోకాళ్ళు మడిచి కూర్చోవడమంటే వజ్రాసనమేగా అనుకున్నాను. యోగాలో చేసేది కాసేపే, ఇక్కడ పక్కవాళ్ళ వంతు అయ్యేదాకా కదలకూడదు. తిమ్మిరెక్కితే లేచేముందు కాలివేళ్ళు మడిచి మడమల మీద కూర్చోమని సెన్సే (టీచరు) చెప్పారు. నిజంగానే పనిచేస్తుంది.

ఆ తరువాత వారాల తరబడి ఫుకుసా మడతే. ఆడవాళ్ళకి ఎర్రది, మగవాళ్ళకి ఊదాది, చిన్న పట్టుగుడ్డ. దాన్ని మడిచి టీ పొడి డబ్బానీ వెదురు చెంచానీ తుడుస్తారు. అవి అప్పటికే శుభ్రంగా ఉంటాయి, తుడవడం అతిథి కళ్ళముందు జరగాలంతే. నాకు విసుగొచ్చిన మాట నిజం. చేయి తనంతట తాను మడవడం మొదలయ్యాకే టీ కలిపే వెదురు బ్రష్ చేతికిచ్చారు. మా శాఖలో నురగ బాగా రావాలి, అందుకు బ్రష్‌ను గుండ్రంగా కాకుండా ముందుకీ వెనక్కీ వేగంగా ఆడించాలి.

మే నుంచి అక్టోబరు దాకా నీళ్ళు కాచే కుంపటి చాప మీద ఉంటుంది. నవంబరు వచ్చేసరికి చాపలో కోసిన గుంట పొయ్యి తెరిచారు. కూర్చునే కోణం మారింది, వేడినీళ్ళు తోడే గరిట పెట్టే చోటు మారింది. వేసవంతా నేర్చుకున్న చేతులు తికమకపడ్డాయి. ఇప్పుడు సెన్సే తొలి అనుమతి పత్రానికి దరఖాస్తు పెడదామంటున్నారు. దానికి రుసుముంది. ఈ పొయ్యి ముందు గరిట ఎక్కడ పెట్టాలో ఆలోచించకుండా పెట్టగలిగాక కడతానని చెప్పాను.