సర్వర్‌కూ స్టోరేజ్‌కూ మధ్య రెండో దారి

రెండు లినక్స్ సర్వర్లు, డిస్కులను నడిపే కంట్రోలర్లు రెండున్న ఒక ఐస్కజీ స్టోరేజ్ (నెట్‌వర్క్ మీదుగా సర్వర్లకు డిస్కులను అందించే పరికరం), నడుమ రెండు స్విచ్‌లు: మధ్యతరహా కార్యాలయాల్లో తరచుగా కనబడే అమరిక ఇది. ఒక దారి తెగితే రెండోది ఆదుకోవాలన్నది దీని ఉద్దేశం కనుక, కాగితం మీద గీస్తే ప్రతి గీతకూ జోడుగా మరో గీత ఉంటుంది. ఆ రెండు గీతలూ ఎక్కడైనా ఒకటవుతున్నాయా అన్నది నేను మొదట వెతికే విషయం. ఒకే నెట్‌వర్క్ కార్డు మీది రెండు పోర్ట్‌లను రెండు దారులుగా లెక్కపెట్టినా, రెండు స్విచ్‌లకూ ఒకే యూపీఎస్ నుంచి కరెంటు ఇచ్చినా, మిగిలిన ఖర్చంతా వృథాయే. స్టాక్‌గా, అంటే ఒకే స్విచ్‌లా పనిచేసేలా కలిపిన స్విచ్‌లు చాలావరకు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) మార్చినప్పుడు ఒకేసారి రీబూట్ అవుతాయి కనుక, స్టోరేజ్ కోసం వాటిని విడివిడిగా ఉంచడమే మేలని నా అభిప్రాయం.

రెండు పోర్ట్‌లనూ బాండింగ్‌తో ఒకే లింకుగా కలిపేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బాండింగ్‌కు వాడే ప్రామాణిక పద్ధతి ఎల్ఏసీపీలో ఒక టీసీపీ కనెక్షన్ మొత్తం ఒకే లింకు మీద నడుస్తుంది. పైగా ఆ బాండ్ రెండు స్విచ్‌ల మీదుగా వెళ్లాలంటే ఆ స్విచ్‌లు ఏదో ఒక పద్ధతిలో జతకట్టక తప్పదు, అంటే విడదీసినవాటిని మళ్లీ ముడివేసినట్టే. అందువల్ల ఐస్కజీకి బాండింగ్ వదిలేసి, ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క సబ్‌నెట్ (విడి చిరునామాల శ్రేణి) ఇవ్వాలి. రెండు కార్డులనూ ఒకే సబ్‌నెట్‌లో పెడితే, ప్రత్యేకంగా సరిచేయనంతవరకు లినక్స్ రౌటింగ్ టేబుల్‌లో ముందున్న కార్డు గుండానే రెండు సెషన్లనూ (స్టోరేజ్‌తో పెట్టుకున్న కనెక్షన్లనూ) పంపుతుంది.

ప్రతి కంట్రోలర్‌కూ ఒక్కో సబ్‌నెట్‌లో ఒక్కో పోర్ట్ ఉంటే సర్వర్‌కు మొత్తం నాలుగు దారులు ఏర్పడి, ఒకే డిస్కు నాలుగు పేర్లతో కనబడుతుంది. డబ్ల్యూడబ్ల్యూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే కావడం చూసి, దారులను కలిపి నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ మల్టీపాత్ వాటిని ఒక పరికరంగా కలుపుతుంది. నాలుగు దారులనూ సమానంగా వాడాలన్న కోరిక సహజమే గాని, చాలా స్టోరేజ్‌లలో ఒక్కో డిస్కుకు ఒక కంట్రోలరే యజమాని. రెండోదాని గుండా వెళ్లే అభ్యర్థన లోపలి లింకు మీదుగా చుట్టుతిరిగి రావలసి ఉంటుంది. ఏ దారి మెరుగైనదో సర్వర్‌కు తెలిపే ఆలువా పద్ధతిని స్టోరేజ్ సమర్థిస్తే, దారులను ప్రాధాన్యాన్ని బట్టి గుంపులు చేయడమే సరైన పద్ధతి.

ఇంతవరకు సరిగ్గా కట్టినా, కేబుల్ లాగగానే డేటాబేస్ రెండు నిమిషాలకు పైగా నిలిచిపోవచ్చు. లక్ష్యం (స్టోరేజ్ వైపు కొన) పలుకుతోందో లేదో చూసే నూప్ సందేశం డీఫాల్ట్‌గా 5 సెకన్లకొకసారి వెళ్లి, జవాబు కోసం మరో 5 సెకన్లు ఆగుతుంది. సెషన్ తెగిందని తేలిన తర్వాత, అది తిరిగి కలుస్తుందేమోనని ఆగే గడువు, రీప్లేస్‌మెంట్ టైమవుట్, మొదలవుతుంది; దాని డీఫాల్ట్ విలువ 120 సెకన్లు. అప్పటికే ఆ దారిలోకి వెళ్లిన రీడ్‌లూ రైట్‌లూ, పక్కదారి ఖాళీగా ఉన్నా, అంతసేపూ అక్కడే వేచి ఉంటాయి. ఒకే దారి ఉన్న సర్వర్‌కు ఆ ఓపిక అవసరం. మల్టీపాత్ ఉన్నచోట దానిని 5 సెకన్లకు తగ్గించాలి. కాన్ఫిగరేషన్ ఫైలులో మార్చినంత మాత్రాన ఇదివరకే కనుగొన్న లక్ష్యాలకు కొత్త విలువ వర్తించదు. వాటి నోడ్ రికార్డులను (సర్వర్ దాచుకున్న లక్ష్యాల వివరాలను) కూడా మార్చి, మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

దారులన్నీ ఒక్కసారిగా పోతే ఏం చేయాలో మల్టీపాత్‌లోని నో పాత్ రీట్రై అనే సెట్టింగ్ నిర్ణయిస్తుంది. ఎడతెగకుండా క్యూలో పెట్టమంటే ప్రాసెస్‌లు చంపినా చావని స్థితిలో చిక్కుకుంటాయి. వెంటనే ఫెయిల్ చేయమంటే కంట్రోలర్లు మారే కొద్ది సెకన్లకే ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ కావడమో మూతపడడమో జరగవచ్చు. దారుల తనిఖీ 5 సెకన్లకొకసారి జరిగేచోట నేను 12 ప్రయత్నాలు పెడతాను. అప్పుడు సుమారు ఒక నిమిషం గడువు దొరుకుతుంది.

కేబుల్ లాగి చూడడం తేలికైన పరీక్ష. దానికి చిక్కని లోపం జంబో ఫ్రేములది, అంటే మామూలుకన్నా పెద్ద ప్యాకెట్లది: సర్వర్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 9000 ఉండి, నడుమ ఒక్క స్విచ్ పోర్ట్‌లో 1500 మిగిలిపోతే, లాగిన్, నూప్, పాత్ తనిఖీ అన్నీ చిన్న ప్యాకెట్లే కాబట్టి చక్కగా దాటిపోతాయి, పెద్ద డేటా మాత్రం ఆగిపోతుంది. మల్టీపాత్ దృష్టిలో ఆ దారి ఆరోగ్యంగానే ఉన్నట్టు కనబడవచ్చు. అందుకే ముక్కలు చేయకూడదన్న షరతుతో, 8972 బైట్ల (హెడర్లు కలిస్తే 9000) పింగ్‌ను ఒక్కొక్క దారిలో విడిగా పంపి చూడాలి.

మానిటరింగ్‌లో డిస్కు పనిచేస్తోందా అని అడిగితే, మూడు దారులు పోయినా పచ్చదీపమే వెలుగుతుంది. ఒక్కో పరికరానికి ఎన్ని దారులు యాక్టివ్‌గా ఉన్నాయో లెక్కించి, నాలుగుకు ఒక్కటి తగ్గినా హెచ్చరిక పంపే ఏర్పాటును, స్టోరేజ్‌ను వాడుకలోకి ఇవ్వకముందే చేసి పెడతాను.