కొలత ఎక్కడి నుంచి వేయాలి

కోనసీమ నుంచి గల్ఫ్‌కు వచ్చిన మావాళ్లలో సైట్ల మీద పనిచేసేవారు చాలామంది ఉన్నారు. నేను ఖతార్‌లో ఒక డిజైన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ, భవనాల నమూనాలు గీసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్లాన్లకు కొలతలు వేస్తుంటాను. బయటివారికి ఇది డ్రాయింగు చివర్లో చేసే చిల్లర పనిలా కనిపిస్తుంది గానీ, గోడ కట్టే మనిషి గీతను చూసి కట్టడు, అంకెను చూసి కడతాడు. ఆ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికో తేల్చడమే నా ఉద్యోగంలో అసలు పని అని నేను నమ్ముతాను.

రెవిట్‌లో రెండు చోట్ల మధ్య కొలత వేసే అలైన్డ్ డైమెన్షన్ తీసుకోగానే గోడ మధ్యరేఖ నుంచా, గోడ ముఖం నుంచా, లోపలి బ్లాకు పొర మధ్య నుంచా, ఆ పొర ముఖం నుంచా అని నాలుగు దారులు కనిపిస్తాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు సాధారణంగా మధ్యరేఖనే ఉంచేసి, ప్లాను అంతా చకచకా కొలిచేస్తారు. అయితే 200 మిల్లీమీటర్ల బ్లాకు గోడ లేచిన తరువాత దాని మధ్యన టేపు ఆనించడం ఎవరివల్లా కాదు. బ్లాకు పేర్చేవారికి బ్లాకు ముఖం నుంచి కొలత కావాలి. అల్మారాలు బిగించే వడ్రంగికి ప్లాస్టరింగు అయ్యాక మిగిలే ఖాళీ కావాలి. అందుచేత ఏ షీటు ఎవరి చేతికి వెళుతుందో ముందుగా తెలుసుకుని, ఒకే గదికైనా ఒక్కో షీటులో ఒక్కో చోటి నుంచి కొలత వేయవలసి వస్తుంది.

ఆటోకాడ్ అనే మరో డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో డైమెన్షన్ మీది అంకెను చెరిపి మనకు కావలసిన అంకె రాసుకోవచ్చు. గడువు ముంచుకొస్తున్నప్పుడు గోడ జరపకుండా అంకె మాత్రం మార్చేసే అలవాటు ఎన్నో ఆఫీసుల్లో ఉంది. రెవిట్ అందుకు ఒప్పుకోదు. అంకె స్థానంలో మాటలు రాయనిస్తుంది కానీ మరో సంఖ్యను రాయనివ్వదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను అన్నిటికంటే గౌరవించేది ఆ ఒక్క నిరాకరణనే. కొలత మారకుండా బిగించే తాళం గుర్తు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: తాళం వేసిన డైమెన్షన్‌ను చెరిపినా, ఆ బంధాన్ని కూడా తెంచమని విడిగా చెప్పకపోతే అది కనబడకుండా మిగిలిపోయి, తరువాత గోడ జరపబోయినవారికి అడ్డుపడుతుంది.

అమలాపురం దగ్గర మా తమ్ముడు కట్టుకుంటున్న ఇంటి ప్లాను ఇక్కడి నుంచే గీసి పంపుతున్నాను. అక్కడ పనంతా అడుగులు, అంగుళాల్లోనే. మిల్లీమీటర్లలో 3200 అని గీసి, చూపించేటప్పుడు అడుగుల్లోకి మార్చితే 10 అడుగుల 6 అంగుళాలు అనే కనిపిస్తుంది; నిజానికి 10 అడుగుల 6 అంగుళాలంటే 3200.4. ఒక్క గదిలో ఆ తేడా లెక్కలోకి రాదు, కానీ ఇలాంటి సర్దుబాట్లు వరుసగా చేరితే గదుల కొలతల మొత్తానికీ బయటి గోడ కొలతకూ పొంతన కుదరదు. అందుకే ఆ ఫైలు యూనిట్లను మొదటి రోజే అడుగుల్లోకి మార్చి గీశాను. తాపీ మేస్త్రి గారు ఫోనులో, “ముగ్గు పోసేటప్పుడు సెంటర్ నుంచి ఇవ్వండి బాబూ, గోడ లేచాక లోపల్లోపల ఎంతో చెప్పండి, చాలు” అన్నారు. ఆయన కోరినట్టే పునాది షీటులో గ్రిడ్ మధ్యరేఖల కొలతలు, గోడల షీటులో తొమ్మిదంగుళాల ఇటుక గోడకు లోపలి ముఖం నుంచి కొలతలు వేశాను. ఏ ఆఫీసులోనూ ఇంత సూటిగా చెప్పినవారు నాకు తారసపడలేదు.

ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్‌లో ఎత్తులు వేసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. 1986 వరదను చూసిన మా ప్రాంతంలో ఇంటి గచ్చు ఎత్తును స్థలం నేల నుంచి కాక రోడ్డు నుంచి అడుగుతారు, ఎందుకంటే పల్లపు స్థలాన్ని ఇల్లు కట్టేముందు ఒకసారి, కట్టాక మరోసారి మట్టి తోలించి మెరక చేస్తారు. నేల నుంచి వేసిన అంకె ఆ మట్టితోపాటే చెల్లకుండా పోతుంది. సున్నా లెవల్‌ను ఎదుటి రోడ్డు మధ్యన పెట్టి, గచ్చు అక్కడి నుంచి మూడడుగులు పైన అని వేసి, ఆ సున్నా ఏ చోటిదో షీటు మీద తెలుగులో రాసి మేస్త్రి గారికి పంపాను.