బదనికను విరిస్తే పోదు, అడుగు కిందికి కోయాలి

విశాఖ జిల్లా పద్మనాభం, ఆనందపురం వైపు పాత మామిడి తోటల్లో తలెత్తి చూస్తే, కొమ్మల మధ్య వేరే రంగు గుబురు కనిపిస్తుంది. ఆకు మందం, బూడిద కలిసిన పచ్చ. పువ్వు సన్నటి గొట్టంలా ఉంటుంది. అదే బదనిక. ఆకు పచ్చన కాబట్టి తిండి తనే తయారు చేసుకుంటుంది గానీ, నీళ్లూ లవణాలూ మామిడి కొమ్మలోంచే లాగుతుంది. ఎండలు ముదిరి చెట్టు నీళ్లు పొదుపు చేసుకునే రోజుల్లోనూ అది తాగడం తగ్గించదు. అందుకే అతుకుకి, అంటే అది కొమ్మను పట్టుకున్న చోటుకి, అవతలి కొమ్మ చిన్నబోయి ఎండుతుంది.

చాలామంది గుబురు విరిచేసి పని అయిపోయిందనుకుంటారు. కొమ్మను దగ్గరగా చూడండి: అతుకు దగ్గర బొడిపె, అక్కణ్ణించి బెరడు మీద పాకే వేరు, ఆ వేరు మధ్యమధ్యలో మళ్లీ కొమ్మలోకి దిగిన చోట్లు. ఇవి ఉన్నంత కాలం చిగురు వస్తూనే ఉంటుంది. చెట్టు మొదలు వైపు పాకుడు వేరు ఎంతదాకా వచ్చిందో వేలితో తడిమి, ఆఖరి అతుకు నుంచి ఇంకో అడుగు వదిలి కోయాలి. బరువైన కొమ్మకి ముందు కింద నుంచి గాటు పెట్టి, తర్వాత పైనుంచి రంపం వేయండి. లేదంటే బెరడు మాను దాకా చీలిపోతుంది.

కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో, ప్లాస్టిక్ బకెట్లలోనే కలపండి. తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ తిప్పాలి. ఇనుప చాకు కాసేపు ముంచి తీస్తే రాగి రంగు అంటిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయండి. చేసిన రోజే వాడేయాలి. వాన కడిగేస్తే మళ్లీ పూయాలి.

కొమ్మ కోతకి అనువైన సమయం మామిడి కాయ దింపిన వెంటనే. అయితే బదనిక కాయ అప్పటికే పండేట్టుంటే ఆగొద్దు, ముందు గుబురు విరిచి కిందికి దించేయండి. చిన్న పిట్టలు ఆ పండు తిని, జిగురు గింజను పక్క కొమ్మకి రాసిపోతాయి. హిమాలయాల్లో నీలి పైన్ మీద బతికే మరుగుజ్జు బదనిక అయితే గింజను తనే చిమ్ముకుంటుంది. మనదానికి పిట్టే దిక్కు. కాబట్టి గట్టు మీది కానుగనీ, పక్క తోట సపోటానీ కూడా చూడాల్సిందే.

మాను మీదే పట్టిందా, కోయలేం. చిగురు వచ్చినప్పుడల్లా తుంచేస్తుంటే ఆకు లేక నీరసిస్తుంది, పండు కట్టదు.