నారింజ రంగు కప్పు, మా పులిహోర డబ్బా

పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, గుడి 1976 నుంచి ఉంది, దర్శనం బాగా అయ్యింది, క్యాంటీన్‌లో దోశ తిన్నాం, అంతే. నేను చెప్పాలనుకుంది తిరుగు ప్రయాణంలో హైవే పక్కన తిండికీ విశ్రాంతికీ ఆగే సౌత్ మిడ్‌వే ప్లాజాలో గడిపిన ముప్పావుగంట గురించి.

అసలు అక్కడ ఆగే ఆలోచనే లేదు. మన్రోవిల్ దగ్గర పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ హైవే ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే వాన, ముందు ట్రక్కులు చిమ్మే నీళ్ళు, వాటికి తోడు ఈ టోల్ ఒకటి. ప్రతి జనవరికీ పెంచుతూనే ఉన్నారు. హుండీలో వేసినదానికంటే రోడ్డు వాళ్ళకి కట్టిందే ఎక్కువ అని మా ఆయన సణుగుడు. బెడ్‌ఫర్డ్ దాటాక అత్తయ్యగారు "ఒరేయ్, కాస్త ఎక్కడైనా ఆపరా" అన్నారు, ఆపాడు.

లోపల అన్ని ప్లాజాల్లాగే ఉంది. మూడు కాఫీలు, ఒక మఫిన్‌కి అయిన బిల్లు రూపాయల్లో లెక్కేసి మావయ్యగారు కాఫీ కప్పు వంక అనుమానంగా చూశారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు, పాతికేళ్ళు విజయవాడ హైదరాబాద్ బస్సులే. సూర్యాపేట దగ్గర బస్సు ఏ హోటల్ ముందు ఆగుద్దో, ఎందుకు అక్కడే ఆగుద్దో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అత్తయ్యగారు ఏమీ పట్టించుకోకుండా పులిహోర డబ్బా తీసి పేపర్ ప్లేట్లలో పెట్టేశారు. నాకు మాత్రం చుట్టూ చూడాలంటే మొహమాటం.

పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన, తెల్లాయన, డెబ్భై దాటి ఉంటాయి, మా డబ్బా వంకే చూస్తున్నాడు. ఇక్కడ బయటి తిండి తినకూడదు అంటాడేమో అనుకున్నా. ఆయన నవ్వి, మా అమ్మ కూడా ఇలాగే అన్నీ కట్టుకొచ్చేది, మా నాన్న మాత్రం నారింజ రంగు కప్పు కనిపిస్తే చాలు బండి ఆపేసేవాడు అన్నాడు. ఏ కప్పు అని అడిగా. అంతే, మొదలుపెట్టాడు.

హోవర్డ్ జాన్సన్స్ అనే రెస్టారెంట్లు. వాటి పైకప్పు నారింజ రంగులో ఉండేది, ఆ కప్పే ఈ కప్పు. ఇక్కడివాళ్ళు ముద్దుగా హోజో అంటారు. నాకు ఆ పేరు హోటల్ బోర్డుల మీద చూసిన గుర్తే కానీ, ఒకప్పుడు ఈ టర్న్‌పైక్ మీద తిండి అంటే వాళ్ళదేనని తెలీదు. 1940 అక్టోబర్ 1న ఈ రోడ్డు తెరిచినప్పుడు కాంట్రాక్టు మొత్తం వాళ్ళకే ఇచ్చారట. అన్నిట్లోకీ పెద్దది మేం కూర్చున్న సౌత్ మిడ్‌వేనే, ట్రక్కు డ్రైవర్లు పడుకోడానికి మంచాలు కూడా ఉండేవట. పెద్దాయన స్కూల్లో ఉన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో హోజోలో ప్లేట్లు కడిగాడట. ఐస్‌క్రీమ్ 28 రకాలు, అన్నీ తిన్నానని గొప్పగా చెప్పుకున్నాడు. అక్కడ ఫేమస్ వేయించిన క్లామ్స్, అంటే మన ఆల్చిప్పల్లోది. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్యగారు "శివశివా" అని పులిహోర ప్లేటు కొంచెం ఇవతలికి జరుపుకున్నారు.

(కొంత ఆయన చెప్పింది, కొంత తర్వాత కారులో ఫోన్‌లో చదివింది, రెండూ కలిపేస్తున్నా.)

హోవర్డ్ జాన్సన్ అనే ఆయన 1925లో బోస్టన్ పక్కన క్విన్సీలో ఒక చిన్న మందుల షాపు కొన్నాడు, అందులో సోడా, ఐస్‌క్రీమ్ కౌంటర్ ఉండేది. ఐస్‌క్రీమ్‌లో వెన్న శాతం పెంచాడు, జనం ఎగబడ్డారు. 1935లో సొంత డబ్బు లేక కేప్ కాడ్‌లో ఒక తెలిసినాయన చేత రెస్టారెంటు పెట్టించి తన పేరు, తన సరుకు ఇచ్చాడు, ఇప్పుడు మనం ఫ్రాంచైజ్ అంటున్నామే, అదే. ఎక్కడ తిన్నా ఒకే రుచి ఉండాలని పెద్ద వంటశాలల్లో వండి, గడ్డకట్టించి పంపేవాళ్ళు. ఆ వంటకి ఎవర్ని పెట్టుకున్నారో తెలుసా, ఫ్రాన్స్ నాయకుడు డిగాల్‌కి వండిన జాక్ పెపాన్‌ని! కెనడీ వైట్‌హౌస్‌లో ఉద్యోగం వద్దనుకుని ఆయన ఇక్కడికొచ్చాడు. 1954లో జార్జియాలోని సవానాలో మొదటి మోటెల్ కట్టారు, 1970లకల్లా వెయ్యి రెస్టారెంట్లు దాటాయి.

ఇదంతా విని మావయ్యగారు ఒక్కటే ప్రశ్న అడగమన్నారు. "డ్రైవర్లకి భోజనం ఫ్రీయేనా అడుగమ్మాయ్." అడిగా. పెద్దాయనకి ముందు అర్థం కాలేదు, మన హైవే హోటళ్ళ సంగతి చెప్పాక పగలబడి నవ్వాడు. ఇక్కడ బస్సుల్లో కాదు కదా, ఎవరి కారు వాళ్ళదే, కప్పు రంగే వాళ్ళ కండక్టరు అన్నాడు. అది నేను తెలుగులోకి మార్చి చెప్తే మావయ్యగారు తలూపారు కానీ నచ్చినట్టు లేదు.

ఒక విషయం పెద్దాయన చెప్పలేదు, నేను చదివింది. 1957లో ఘనా ఆర్థిక మంత్రి గ్బెడెమా డెలావేర్‌లో డోవర్ దగ్గర ఒక హోవర్డ్ జాన్సన్స్‌లో నారింజ రసం అడిగితే, నల్లవాళ్ళు లోపల కూర్చుని తాగకూడదన్నారు. సంగతి పేపర్లకెక్కాక అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలిచి బ్రేక్‌ఫాస్ట్ పెట్టాల్సొచ్చింది. మంత్రి కాబట్టి పిలిచారు, మామూలు మనిషైతే ఎవరు పిలుస్తారు? ఆ రోజుల్లో ఆ కప్పు కింద మా పులిహోర సంగతి ఏమయ్యేదో అనిపించింది. ఇప్పుడేమో ఈ దేశంలో సగానికి పైగా మోటెళ్ళు మన గుజరాతీ పటేళ్ళ లాంటి వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి.

మరి ఆ హోజో ఏమైపోయింది? 1973లో పెట్రోల్ దొరక్క జనం కార్లు తీయడం తగ్గించారు, మరోపక్క మెక్‌డొనాల్డ్స్ లాంటివి నిమిషాల్లో చేతికిచ్చేస్తుంటే వీళ్ళింకా ప్లేట్లు, గిన్నెలు కడుగుతూ కూర్చున్నారు. హోవర్డ్ జాన్సన్ కొడుకు చేతికొచ్చాక ఖర్చులు తగ్గించడం మొదలైంది. 1979లో ఒక బ్రిటిష్ కంపెనీ 63 కోట్ల డాలర్లకి బేరం కుదుర్చుకుంది, 1985లో మారియట్ చేతికెళ్ళింది, వాళ్ళకి కావాల్సింది రోడ్డు పక్క స్థలాలే. హోటళ్ళకి పేరైతే మిగిలింది, రెస్టారెంట్లు మాత్రం ఒక్కొక్కటీ పోయి, చివరిది న్యూయార్క్ రాష్ట్రంలో లేక్ జార్జ్ అనే ఊళ్ళో 2022లో మూసేశారు. మేం అంతకుముందు రెండుసార్లు లేక్ జార్జ్ వెళ్ళాం తెలుసా! దాని ముందు నుంచే వెళ్ళి ఉంటాం, ఒక్కసారీ తల తిప్పి చూడలేదు.

అత్తయ్యగారు పెద్దాయనకి కొంచెం పులిహోర పెట్టారు. ఎండుమిర్చి పక్కకి తీసేయండి అని నేను చెప్పేలోపే కొరికేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ప్లేటు ఖాళీ చేశాడు, 29వ రకం అన్నాడు.

వాన తగ్గింది. మావయ్యగారు కారు డోరు పట్టుకుని నిలబడి లోపలికి తొంగి చూసి మమ్మల్ని లెక్కపెట్టారు, మా చిన్నదాన్ని రెండుసార్లు. ఆయన కూడా ఎక్కి డోరు వేసి, కారు పైన అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు. "రైట్ రైట్."