తమ్ముడికి బైపోలార్ అన్నారు: లిథియంతో మా అనుభవం

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడు ఒక వేసవిలో ఉన్నట్టుండి తెనాలి వచ్చేశాడు. గదిలోంచి బయటికి రాడు, స్నానం చేయడు, కంచంలో అన్నం కెలికి లేచిపోతాడు. చూపిస్తే డిప్రెషన్ అన్నారు, మాత్రలు రాశారు. కొన్ని వారాలకు మనిషి లేచి తిరిగాడు, నవ్వాడు. అమ్మ తిరుపతి మొక్కు కూడా తీర్చేసింది.

అయితే ఆ హుషారు ఎక్కడా ఆగలేదు. రాత్రి రెండింటికి పడుకుని నాలుగింటికే లేచి ఇల్లంతా సర్దేవాడు. మాట మీద మాట, మనం నోరు తెరిచే సందు ఉండదు. ఒకరోజు వరండా నిండా అట్టపెట్టెలు దిగాయి. అన్నీ ఎల్ఈడీ బల్బులే, క్రెడిట్ కార్డు మీద కొన్నాడు. జిల్లా మొత్తానికి సప్లై చేస్తాడట. తెల్లవారుజామున మూడింటికి బాబాయికి ఫోన్ చేసి పార్ట్‌నర్‌గా చేరమన్నాడు. వద్దంటే మీద పడేంత కోపం. మా పెద్దత్త గాలి సోకిందంది, తాయెత్తు కట్టించింది. ఇంకొకాయన గదిలో పెట్టి కట్టేయమని సలహా ఇచ్చాడు. మా వైపు ‘వైజాగ్ పంపించాలి’ అంటే పిచ్చాసుపత్రికని అర్థం, ఆ మాట కూడా వీధిలో వినపడింది.

గుంటూరులో సైకియాట్రిస్ట్ మేడమ్ దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ బల్బుల గురించి పెద్దగా పట్టించుకోలేదు. “నిద్ర పట్టక పోతోందా, నిద్ర అక్కర్లేకుండా పోతోందా?” అని అడిగారు. టెన్షన్‌తో నిద్రపోని మనిషి మర్నాడు వేలాడిపోతాడు. వీడు రెండు గంటలు పడుకుని కూడా పరిగెడుతున్నాడు. అది మానియా లక్షణమని చెప్పారు, అంటే హుషారు హద్దు దాటిపోవడం. డిప్రెషన్ ఒకప్పుడు, ఈ మానియా ఒకప్పుడు వచ్చే జబ్బే బైపోలార్ అన్నారు. తర్వాత చుట్టాల్లో ఎవరికైనా ఉందా అని కూపీ లాగారు. ఇల్లూ వాకిలీ వదిలి దేశాలు పట్టిపోయాడని మేం కథలుగా చెప్పుకునే చిన్న తాతయ్య అప్పుడు బయటికొచ్చాడు.

అమ్మ ఏడుస్తూ “పెంపకంలో ఏం లోటు చేశామమ్మా?” అంది. పెంపకం వల్ల వచ్చే జబ్బు కాదన్నారు మేడమ్. వందలో దాదాపు ఒకరికి ఉంటుందట, అందులో వంశపారంపర్యం పాలు ఎక్కువ. ఆ బీజం ఉన్నవాళ్లకు నిద్ర చెడిపోవడం, పెద్ద ఒత్తిడి నిప్పు రాజేస్తాయి. వీడు అమెరికా క్లయింట్ల కోసం నైట్ షిఫ్టులు చేస్తున్నాడు. పైగా బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మానియా పైకి లేస్తుందట. మొదట రాసిచ్చినాయన వెనకటి చరిత్ర అడిగి ఉంటే బాగుండేది.

వాడు ఆస్పత్రిలో చేరనన్నాడు, తనకేం లేదన్నాడు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం, నిర్ణయం తీసుకునే స్థితిలో లేని మనిషిని డాక్టర్లు విడివిడిగా పరీక్షించి అవసరమంటేనే, ఇంటివాళ్లు ప్రతినిధిగా సంతకం పెట్టి 30 రోజుల వరకు చేర్చవచ్చు. సంతకం నేనే పెట్టాను. మనిషిని గొలుసులతో కట్టడం అదే చట్టం నిషేధించిందని సలహా ఇచ్చినాయనకు ఇంటికెళ్లి మరీ చెప్పొచ్చాను.

ముందు ఉద్రేకం తగ్గడానికి ఒలాంజపిన్, దాంతోపాటు లిథియం. లిథియం పట్టుకోవడానికి వారం పైనే పడుతుంది. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మానియాకు వాడి చూసిన మందు, ఇప్పటికీ ముందు వరుసలో ఉంది. ఆత్మహత్యల ముప్పును తగ్గించడంలో దానికి గట్టి పేరుంది. చిక్కల్లా ఒక్కటే. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ ఎడం తక్కువ. రక్తంలో సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. అందుకే మొదలెట్టే ముందే థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు, తర్వాత కూడా కొన్ని నెలలకోసారి చూస్తూనే ఉన్నారు.

ఈ రక్త పరీక్ష దగ్గరే మేం పడ్డ తిప్పలు చెప్పాలి. చివరి మాత్ర వేసిన 12 గంటలకు రక్తం తీయాలి. రాత్రి తొమ్మిదికి వేస్తే పొద్దున తొమ్మిదికి, పొద్దుటి మాత్ర వేయకముందే. మా వీధి ల్యాబ్‌లో కుర్రాడు “లిథియమా? బ్యాటరీల్లో ఉండేదా అక్కా?” అన్నాడు. శాంపిల్ విజయవాడ పంపారు. రిపోర్టులో 2.6 అని వచ్చింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చూస్తే వీడు ఎదురుగా కూర్చుని పెసరట్టు మీద పెసరట్టు లాగిస్తున్నాడు. మేడమ్‌కి ఫోన్ చేస్తే మనిషి ఎలా ఉన్నాడు, నడక తూలుతోందా, వాంతులున్నాయా అని అడిగి, “రక్తం తీసిన ట్యూబ్ మూత ఏ రంగు?” అన్నారు. ఆకుపచ్చ. ఆ ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే పదార్థం చాలాసార్లు లిథియం హెపారినే. ట్యూబ్‌లోని లిథియమే లెక్కలోకి వచ్చింది! వెంటనే మామూలు ట్యూబ్‌లో తీయిస్తే 0.8. ఇప్పుడు సూది గుచ్చే ముందు మూత రంగు చూడటం నాకు అలవాటైపోయింది.

కొన్నాళ్లు చేతులు వణికేవి, టీ గ్లాసు పట్టుకుంటే సాసర్ మోగేది. దాహం, లావెక్కడం కూడా మామూలే. అమ్మ నరాల బలహీనత అని బలం టానిక్కు తెచ్చింది, అడ్డుపడ్డాం. టీవీలో ఎవరో చెప్పారని ఒకసారి ఉప్పు బాగా తగ్గించేసింది కూడా. ఉప్పు ఒక్కసారిగా తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా లిథియం పెరుగుతుంది. మే నెల ఎండల్లో నీళ్లు, మజ్జిగ బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు అయితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. శివరాత్రి ఉపవాసం ఉంటానంటే అడిగాకే. నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా లెవెల్ పెంచుతాయి, పారాసెటమాల్‌తోనే సరిపెడతాం.

ఏడాది బాగున్నాక వాడంతట వాడే మందు ఆపేశాడు. బాగున్నాను కదా, ఇంకెందుకన్నాడు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. లిథియం ఉన్నపళంగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. సంక్రాంతికి కోడిపందేల దగ్గర మూడు రాత్రులు మేలుకున్నాడు, అంతే. ఈసారి ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. అర్ధరాత్రి 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేశాను. వాళ్లతో తెలుగులోనే మాట్లాడాను, తెల్లారేసరికి మేడమ్ దగ్గరున్నాం. చేర్చాల్సిన అవసరం రాలేదు.

అప్పటి నుంచి సైకాలజిస్ట్ చెప్పినట్టు నోట్‌బుక్‌లో ఏ రోజు ఎన్ని గంటలు పడుకున్నాడో రాస్తాడు. డే షిఫ్ట్ ఉద్యోగంలోకి మారాడు, జీతం కొంత తగ్గింది. జాగరణలు బంద్.

పెళ్లి మాటలప్పుడు పెద్ద గొడవైంది. దాచమని అందరూ చెప్పారు. తమ్ముడూ నేనూ ఒప్పుకోలేదు. మొదటి సంబంధం వాళ్లు విని మర్యాదగానే తప్పుకున్నారు. రెండో అమ్మాయి తనే మేడమ్‌ను కలుస్తానంది. పిల్లలకు వస్తుందా అని అడిగింది. మామూలుకంటే అవకాశం ఎక్కువే, అయినా ఎక్కువమంది పిల్లలకు రాదని, గర్భం ప్లాన్ చేసేటప్పుడు ముందే వచ్చి మాట్లాడమని మేడమ్ చెప్పారు. పెళ్లయింది. మా పెద్దత్త మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడదు. నోరు మూసుకుని ఉంటే మొదటి సంబంధమే కుదిరేదట, కట్నం కూడా ఎక్కువట.